ఆవుల బేరం చేసిన ప్రధాని

పేర్ ఆల్బిన్ హాన్సన్ స్వీడన్ దేశపు తాపీమేస్త్రీ కొడుకు. 1885లో మాల్మో పట్టణం దగ్గర పుట్టాడు. బడి చదువు నాలుగేళ్లే. పన్నెండో ఏట దుకాణంలో పనికి కుదిరాడు. యువజనోద్యమంలో, పార్టీ పత్రికల్లో పనిచేస్తూ పైకొచ్చి 1925లో సోషల్ డెమొక్రటిక్ పార్టీ నాయకుడయ్యాడు.

1932 సెప్టెంబరులో ఆయన ప్రధాని అయ్యేనాటికి దేశం సంక్షోభంలో మునిగి ఉంది. ఏడాది కిందటే ఆడలెన్‌లో ఊరేగింపుగా పోతున్న కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపి ఐదుగురిని పొట్టన పెట్టుకుంది. 1933 మొదట్లో నిరుద్యోగులు 1,80,000 దాటారు. సర్కారు పనుల్లో బయటి రేటుకన్నా తక్కువ కూలి ఇచ్చేవారు, సమ్మె జరిగే చోటికి కూడా పనిలేని వాళ్లను తోలేవారు. బయట నడిచే కూలే ఇవ్వాలని హాన్సన్ పట్టు. కానీ పార్లమెంటులో మెజారిటీ లేదు.

మిగిలింది రైతు పార్టీ. చిక్కల్లా అక్కడే ఉంది. పాలకి, వెన్నకి ధర లేక రైతు చితికిపోతున్నాడు. వెన్న ధర నిలబెట్టాలంటే, కార్మికుడి ఇంట్లో రొట్టె మీద పూసుకునే చవక మార్గరిన్‌పై పన్ను వెయ్యాలి. అంటే కూలివాడి జేబుకే చిల్లు! అయినా హాన్సన్ ఒప్పుకున్నాడు, తన వాళ్లనీ ఒప్పించాడు. రైతు పార్టీలో పాత నాయకుడు మొండికేస్తే, ఆక్సెల్ పేర్సన్ అనే రైతు ముందుకొచ్చి మాట్లాడాడు. 1933 మేలో ఒప్పందం కుదిరింది. రైతుకు ధర, నిరుద్యోగికి పూర్తి కూలి. గిట్టనివాళ్లు దాన్ని ఆవుల బేరం అని వెక్కిరించారు, ఆ పేరే నిలిచిపోయింది.

సరిగ్గా ఆ నెలలోనే పక్కన జర్మనీలో హిట్లర్ కార్మిక సంఘాల ఆఫీసుల్ని స్వాధీనం చేసుకున్నాడు. అక్కడి చితికిన రైతులు చాలామంది నాజీల వెంట పోయారు. స్వీడన్‌లో పార్లమెంటూ నడిచింది, సంఘాలూ బతికాయి.

వ్యవసాయ కూలీల పని గంటలకు 1936లో చట్టం వచ్చింది. మన పాలేర్లలాగా ఏడాది కట్టుబడికి, ధాన్యమూ పాలూ జీతంగా పనిచేసే స్టాతారేలని ఉండేవారు. భార్య కూడా దొర ఆవుల్ని పితకాల్సిందే. ఆ వెట్టి 1945లోగాని పోలేదు. ఆలస్యమే మరి.

మరకలూ లేకపోలేదు. యుద్ధకాలంలో జర్మన్ సైనికుల్ని తన రైళ్లలో పోనిచ్చాడు, నాజీ వ్యతిరేక పత్రికల్ని జప్తు చేయించాడు, కమ్యూనిస్టుల్ని శిబిరాల్లో పెట్టించాడు.

1946 అక్టోబరు 6న, ప్రధానిగా ఉండగానే, ట్రాములో ఇంటికి పోతూ స్టాపులో దిగి అక్కడే కుప్పకూలి చనిపోయాడు.