నాల్గవ జ్ఞాని కథ చెప్పిన కాపరి: హెన్రీ వాన్ డైక్

ఈ నెల ధ్యానమునకు మత్తయి సువార్తలోని రెండు అధ్యాయములను ప్రక్కప్రక్కన ఉంచుకొని చదువుడని కోరుచున్నాము. మొదటిది 2వ అధ్యాయము. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రమును చూచి శిశువును వెదకుచు వచ్చిన వృత్తాంతము అందులో నున్నది. రెండవది 25వ అధ్యాయము చివరి భాగము. ఆకలిగొన్నవారికిని, రోగులకును, చెరసాలలో నున్నవారికిని చేసిన ఉపకారమును ప్రభువు తనకే చేసినట్లు ఎంచుకొనునని అచ్చట చదువుదుము. ఈ రెండు అధ్యాయములను ఒకే క్రిస్మసు కథగా ముడివేసిన ఒక కాపరి జీవితమును గూర్చి ఇప్పుడు వ్రాయుచున్నాము.

మన గ్రామములలో క్రిస్మసు రాత్రి పిల్లలు ఆడు నాటకములలో నాల్గవ జ్ఞాని అప్పుడప్పుడు కనబడుచుండును. ఆ కథ పరిశుద్ధ గ్రంథములోనిదేనని నమ్మువారిని మేము చూచితిమి. ఒక సంఘ పెద్ద అది ఏ అధ్యాయములో నున్నదని మమ్మును అడిగెను కూడ. అది గ్రంథములో లేదు. జ్ఞానులు ముగ్గురని కూడ మత్తయి చెప్పలేదు. కానుకలు మూడని మాత్రమే చెప్పెను. నాల్గవ జ్ఞాని కథను న్యూయార్కు పట్టణములో పరిచర్య చేసిన హెన్రీ వాన్ డైక్ అను ప్రెస్బిటేరియన్ కాపరి వ్రాసెను.

ఆయన 1852వ సంవత్సరము నవంబరు 10వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జెర్మన్‌టౌన్ అను ఊర జన్మించెను. తండ్రి పేరును హెన్రీయే. ఆయనయు ప్రెస్బిటేరియన్ కాపరియే, బ్రూక్లిన్ పట్టణములో చాలకాలము సంఘమును మేపినవాడు. కుమారునికి ఏటి ఒడ్డున గాలముతో చేపలు పట్టుట నేర్పినది ఆ తండ్రియే. ఆ అభ్యాసము కుమారుని చివరివరకు విడువలేదు. చేపలు పట్టుటను గూర్చియు ఏళ్లను గూర్చియు ఆయన పుస్తకములే వ్రాసెను. అయితే ఆ తండ్రిని గూర్చి మరియొక సంగతియు చెప్పవలెను. 1860 డిసెంబరులో, అమెరికా దేశము బానిసత్వమును గూర్చి రెండుగా చీలుచున్న దినములలో, ఆయన తన ప్రసంగపీఠము మీదనుండి బానిసత్వ నిర్మూలనమును కోరువారికి విరోధముగా ప్రసంగించెను. అప్పటికి బాలుడైన హెన్రీకి ఎనిమిదేండ్లు. ఈ సంగతిని పాఠకులు మనస్సునందుంచుకొనవలెను. కథలోనికి వచ్చునప్పుడు ఇది మరల జ్ఞాపకమునకు వచ్చును.

హెన్రీ 1873లో ప్రిన్స్‌టన్ కళాశాలలోను, 1877లో అక్కడి వేదాంత పాఠశాలలోను చదువు ముగించెను. 1879 నుండి నాలుగేండ్లు న్యూపోర్టు పట్టణములో ఒక సంఘమునకు కాపరిగా నుండెను. 1881లో ఎలెన్ రీడ్ అను ఆమెను వివాహమాడెను. 1883లో న్యూయార్కులోని బ్రిక్ ప్రెస్బిటేరియన్ సంఘము ఆయనను పిలిచెను. ఇటుకల గుడి అని దాని పేరునకు అర్థము. అక్కడ ఆయన పదునారేండ్లు కాపరిగా నుండెను.

ఇక్కడ ఒక విషయము వివరింపవలెను. ప్రెస్బిటేరియన్ సంఘమనగా బిషప్పులు లేక, కాపరులును పెద్దలును కూడి సభలుగా పాలించు సంఘము. మన ప్రాంతములకును దానికిని సంబంధము లేకపోలేదు. మదనపల్లె ప్రాంతములో పనిచేసిన ఆర్కాటు మిషను ఆ విధమైన పాలనగల సంఘమునకు చెందినదే. అటువంటి సంఘములు 1908లో దక్షిణ ఇండియా ఐక్యసంఘములోను, ఆ ఐక్యసంఘము 1947లో దక్షిణ ఇండియా సంఘములోను కలిసినవి. అయితే నేడు చాలమందికి తెలియనిది ఏమనగా, ప్రెస్బిటేరియనుల పితరులు క్రిస్మసు పండుగను ఆచరింపలేదు. స్కాట్లండు దేశములో 1640లో పార్లమెంటు క్రిస్మసు సెలవులను కొట్టివేసెను. 1645లో ఏర్పరచబడిన ఆరాధన క్రమము, లేఖనాధారము లేని పండుగ దినములను ఆచరింపరాదని చెప్పెను. స్కాట్లండులో క్రిస్మసు మరల సర్వజనుల సెలవు దినమగుటకు 1958 వరకు పట్టినది. సముద్రము దాటి అమెరికాకు వెళ్లినవారు ఆ అభిప్రాయమును తమతో తీసికొనిపోయిరి. 19వ శతాబ్దపు మధ్యవరకు అక్కడి ప్రెస్బిటేరియన్ గుడులు అనేకము, క్రిస్మసు ఆదివారమున పడిననే తప్ప, ఆ దినమున తలుపు తీయనివే.

వారిని చూచి నవ్వవద్దని పాఠకులను కోరుచున్నాము. ప్రభువు జన్మించిన తేదీ గ్రంథములో లేదనుట నిజమే. ఆ కాలమున పండుగ పేరిట త్రాగుడును అల్లరియు విస్తారముగా నుండెననుటయు నిజమే. మా సంఘములో ఒక ఏడు క్రొత్త బట్టల కొరకు దుకాణములో అప్పుపెట్టి, ఆ అప్పు తీర్చలేక సంక్రాంతి తరువాత కూలికి వలసపోయిన కుటుంబములను ఎరుగుదుము. గుడిమీద మైకు తెల్లవార్లు మ్రోగుచుండగా, గుడి వెనుక గుడిసెలో జ్వరపడిన ముసలమ్మకు నీళ్లిచ్చు దిక్కులేని క్రిస్మసును కూడ ఎరుగుదుము. తప్పు ఎవరిదనిన, మొదట కాపరులమైన మాది. స్కాట్లండు పితరులు ఆ రాత్రి మా గ్రామమునకు వచ్చియున్న యెడల ఏమనియుందురో మేము ఊహింపగలము.

వాన్ డైక్ ఆ పితరుల బిడ్డ. అయినను ఆయన క్రిస్మసును మూసివేయుటకు బదులు, దానిని ప్రభువుకు తగిన దినముగా చేయవలెనని పూనుకొనెను. క్రిస్మసు కాలమందు తన సంఘమునకు ప్రసంగమునకు బదులు తానే వ్రాసిన కథను చదివి వినిపించుచుండెను. ఎనిమిదవ శతాబ్దములో బోనిఫేసు అను మిషనరీ జర్మనుల దేశమున అన్యదేవతకు అంకితమైన సింధూర వృక్షమును నరికించిన వృత్తాంతమును ఆధారముచేసికొని మొదటి క్రిస్మసు చెట్టును గూర్చి ఒక కథ వ్రాసెను. మనము సరుగుడు కొమ్మ నాటి రంగుకాగితములు అంటించు ఆచారమునకు ఆ కథలో ఒక వెనుకటి తలంపు కలదు. కాని ఆయనకు పేరు తెచ్చినది నాల్గవ జ్ఞాని కథయే.

ఆ కథ ఎట్లు పుట్టెనో ఆయనే తెలిపియున్నాడు. ఆ సంవత్సరమంతయు ఆయనకు వ్యాధియు దుఃఖమును నిండియుండెను. పగలు కష్టము, రాత్రి నొప్పి. నిద్రపట్టని రాత్రులు చాల దీర్ఘముగా నుండెను. తన పని ముగియకమునుపే బలము ఉడిగిపోవునేమో అను భయము ఆయనను పట్టెను. అట్టి ఒక రాత్రి ఈ కథ ఎక్కడినుండియో వచ్చినట్లు ఆయన మనస్సున పడెను. ఇది పూర్వపు గ్రంథములలో నున్న ఐతిహ్యమా అని అనేకులు అడిగిరి. అది మరి ఏ పుస్తకములోను లేదనియు, తనకు వరముగా వచ్చినదనియు ఆయన జవాబు చెప్పెను. 1895లో అది పుస్తకముగా అచ్చుపడెను. తరువాత అనేక భాషలలోనికి వెళ్లెను.

కథ ఇది. మాదీయుల దేశమున ఎక్బటానా పట్టణములో అర్తబాను అను జ్ఞాని యుండెను. తనకున్నదంతయు అమ్మి మూడు రత్నములు కొనెను: ఒక నీలము, ఒక కెంపు, ఒక ముత్యము. పుట్టబోవు రాజునకు అవి కానుకలు. తక్కిన ముగ్గురు జ్ఞానులు బబులోను దగ్గర ఆయన కొరకు కనిపెట్టుచుండిరి. దారిలో చావుబ్రతుకుల మధ్య పడియున్న ఒక యూదుడు కనబడెను. విడిచిపోయిన యెడల బిడారు అందును. ఆగిన యెడల తప్పిపోవును. ఆగెను. బిడారు తప్పిపోయెను. ఎడారి దాటుటకు ఒంటెలు కొనవలసివచ్చి నీలమును అమ్మెను. ఆయన బేత్లెహేము చేరునప్పటికి తక్కిన జ్ఞానులు వెళ్లి మూడు దినములాయెను. శిశువునెత్తికొని మరియ యోసేపులును వెళ్లిపోయిరి. ఆ వేళనే హేరోదు సైనికులు ఊరిమీద పడిరి. ఒక తల్లి బిడ్డను కాపాడుటకు వాకిట నిలువబడి, ఇంటిలో ఎవరును లేరని చెప్పి, కెంపును ఆ సైనికాధికారి చేతిలో పెట్టెను. ఆడిన అబద్ధము కొరకు దేవుని క్షమాపణ వేడుకొనెను. ఆ అబద్ధమును గూర్చి పాఠకులు మమ్మును అడుగుదురని ఎరుగుదుము. కథ వ్రాసిన వాన్ డైక్ దానిని ఒప్పని చెప్పక, అర్తబానుచేత క్షమాపణ మాత్రము అడిగించెను. మేమును అంతకు మించి చెప్పజాలము.

ముప్పది మూడేండ్లు అర్తబాను రాజును వెదకుచు తిరిగెను. ఐగుప్తులోను ఇతర దేశములలోను ఆకలిగొన్నవారిని, రోగులను, ఖైదీలను చూచెను గాని రాజును చూడలేదు. కడపట ఒక పస్కా పండుగకు యెరూషలేము చేరెను. నజరేయుడైన యేసును సిలువ వేయుటకు తీసికొనిపోవుచున్నారని విని, తనయొద్ద మిగిలిన ముత్యముతో ఆయనను విడిపింపవచ్చునని బయలుదేరెను. దారిలో తండ్రి అప్పులకు బానిసగా అమ్మబడుచున్న ఒక పడుచు ఆయన కాళ్లు పట్టుకొనెను. ముత్యము ఆమె విడుదలకు వెలయాయెను. అంతలో భూకంపము కలిగి, పై కప్పునుండి పడిన పెంకు తగిలి అర్తబాను నేలకొరిగెను. చనిపోవుచు ఆయన వినిన స్వరము మత్తయి 25వ అధ్యాయములోనిదే.

బానిసత్వమును సమర్థించిన ప్రసంగపీఠము క్రింద పెరిగిన బాలుడు, తన కథలో కడపటి ముత్యమును ఒక బానిస పిల్ల విడుదలకు ఇప్పించెను. తండ్రి 1891లో చనిపోయెను. కుమారుడు తండ్రిని జీవితకాలమంతయు ప్రేమించెను, గౌరవించెను. ఈ రెండు సంగతులను ఆయన తన మనస్సులో ఎట్లు కలుపుకొనెనో మేము తీర్పు చెప్పము.

ఆ కాలమున ఆయన సంఘములో మరియొక పోరాటము నడుచుచుండెను. వారి విశ్వాసప్రమాణములో, శైశవమందే చనిపోవు శిశువులలో ఏర్పరచబడినవారు రక్షింపబడుదురని వ్రాసియుండెను. అట్లయిన ఏర్పరచబడని శిశువులు కూడ ఉందురా అని, బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లి అడిగినప్పుడు కాపరి ఏమి చెప్పవలెను? సమాధి ప్రక్క నిలువబడిన కాపరికి ఈ ప్రశ్న ఎంత బరువో మేమెరుగుదుము. ఆ ప్రమాణమును సవరింపవలెనని కోరినవారిలో వాన్ డైక్ ముఖ్యుడు. 1893లో ఆ ప్రయత్నము ఓడిపోయెను. మరల ఎత్తుకొనిరి. 1902లో ఆయన తన సంఘపు మహాసభకు మోడరేటరుగా ఎన్నుకొనబడెను. 1903లో, శైశవమందు చనిపోవు వారందరును రక్షణలో నున్నారని ఆ సంఘము ప్రకటించెను.

ఆ 1903లోనే ఆరాధన క్రమము తయారుచేయుటకు ఒక కమిటీ ఏర్పడెను; వాన్ డైక్ దానికి అధ్యక్షుడు. అచ్చు ప్రార్థనలు వచ్చిన యెడల హృదయ ప్రార్థన చచ్చిపోవునని అనేకులు గట్టిగా ఎదిరించిరి. కాల్విను, నాక్సు అను సంస్కర్తలు కూడ ప్రార్థన క్రమములు వ్రాసియున్నారు గదా అనుట ఇటువైపువారి జవాబు. తుదకు 1906లో, ఇష్టమైన సంఘములు వాడుకొనవచ్చునను షరతుతో ఆ పుస్తకము వెలువడెను. అందులో క్రిస్మసుకును ప్రార్థనలు చేర్చబడెను. మరుసటి ఏడు, బీతోవెన్ కట్టిన రాగమునకు ఆయన వ్రాసిన ఆనందగీతము నేడు అనేక దేశముల పాటల పుస్తకములలో నున్నది.

1899లో కాపరి పని విడిచి ప్రిన్స్‌టన్‌లో ఆంగ్ల సాహిత్యము బోధించుటకు వెళ్లెను. 1913లో అమెరికా రాయబారిగా హాలెండునకు పంపబడెను. మరుసటి ఏడే యుద్ధము వచ్చెను. 1914 అక్టోబరులో ఆంట్వెర్ప్ నగరము పడిపోగా పది లక్షలకు చేరువగా బెల్జియం దేశస్థులు మూటలు నెత్తిన పెట్టుకొని ఆ చిన్నదేశములో చొరబడిరి. అర్తబాను ఐగుప్తులో చూచిన జనమును వాన్ డైక్ కన్నులార చూచెను. 1917లో వయస్సు అరువది దాటినను నౌకాదళమునకు చాప్లెయినుగా చేరెను.

ఒక్క సంగతి దాచుట న్యాయము కాదు. 1923 చివర, ప్రిన్స్‌టన్‌లో తాను వెళ్లు గుడిలో జె. గ్రేషం మేచెన్ అను బోధకుని ప్రసంగములు కఠినమైనవనియు చీలిక పుట్టించునవనియు చెప్పి, తన కుటుంబపు పీటను విడిచిపెట్టుచున్నట్లు సంఘ పెద్దలకు ఉత్తరము వ్రాసెను; అది పత్రికలకెక్కెను. మేచెన్‌తో ఏకీభవించుట వేరు, కోపముతో గుడి విడుచుట వేరు. సంఘమంతటికి కలిసి ప్రార్థించు పుస్తకము కూర్చినవాడు తాను కూర్చుండు చోటు విడుచుట మాకు బాధగానే యున్నది. బోధకుడు మారి చార్లెసు ఎర్డ్‌మన్ వచ్చిన తరువాత ఆయన తిరిగి గుడికి వచ్చెను.

ముసలితనమునందు ఆరాధన పుస్తకమును సవరించు పని మరల ఆయనకే అప్పగింపబడెను. ఆయన ఎనుబదవ ఏట, 1932లో, ఆ క్రొత్త ముద్రణ వెలువడెను. 1933 ఏప్రిల్ 10వ తేదీ సోమవారమున, మట్టల ఆదివారపు మరునాడు, హెన్రీ వాన్ డైక్ ప్రిన్స్‌టన్‌లో మరణించెను.