ఎడ్వర్డు లారీ

క్లోరోఫారము పీల్చిన రోగులు కొందఱు శస్త్రచికిత్స బల్లమీదనే ప్రాణములు విడిచెడివారు. ముందుగా ఆగునది గుండెయా, ఊపిరియా? వైద్యలోకమున ఇది తెగని వివాదము.

ఎడింబరోలో సైము అను శస్త్రవైద్యునికి శిష్యుడైన ఎడ్వర్డు లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగా వచ్చెను. నాడు జనగామ, మానుకోట, భూపాలపల్లి సీమలన్నియు నైజాము రాజ్యములోనివే. నాడిని గాక ఊపిరినే కనిపెట్టవలెనన్నది గురువు నేర్పిన పాఠము. అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో లారీ దానినే పాటించెను. 1888లో జంతువులపై పరీక్షలు జరిపించి, ముందుగా ఆగునది ఊపిరియేనని ప్రకటించెను. లండనులోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ వేయి పౌండ్లిచ్చి, ఆ పత్రిక తరపున లాడర్ బ్రంటను పండితుని రప్పించెను. 1889లో మరల వందలాది జంతువులపై పరీక్షలు జరిగెను, తీర్పు మాఱలేదు.

మెదడు అడుగుభాగమున శ్వాసను నడపు కేంద్రము కలదు. నెత్తురు మోసికొనివచ్చిన మందు దానిని మందగింపజేయును. ఇంతవఱకు లారీ చెప్పినది నిజమే. కాని గుండెకు భయములేదనుటలో ఆయన తొందరపడెననియే చెప్పవలెను. గుండె దుర్బలమై నెత్తురు చాలినంత పంపనిచో ఆ కేంద్రమే ఎండిపోవును గదా! 1893లో గాస్కెల్, షోర్ అను ఆంగ్లేయులు మెదడునకు మాత్రమే మందు కలిసిన నెత్తురు పంపిచూచిరి. రక్తపు ఒత్తిడి పడిపోలేదు. గుండెకు పంపగా పడిపోయెను. 1911లో లెవీ అను వైద్యుడు, క్లోరోఫారము కొద్దిపాటిగా ఇచ్చినప్పుడును గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగగలదని నిరూపించెను. అప్పటికి లారీ హైదరాబాదు విడిచి పెక్కేండ్లయినది.