శరణ హరళయ్యగారి చరిత్రము

చిట్కుల్ చెంత రాజమార్గమును బట్టి జహీరాబాదు మీఁదుగాఁ బడమరకుఁ బోయినచో బీదరుజిల్లా బసవకల్యాణము చేరవచ్చును. 12వ శతాబ్దిని అచ్చటఁ జెప్పులు కుట్టి జీవించిన పుణ్యపురుషుఁడు హరళయ్యగారు.

ఒకనాఁ డాయన శరణనఁగా మంత్రి బసవేశ్వరుఁడు రెండుమాఱులు ప్రతివందనము చేసెనఁట. ఆ ఋణము దీర్పఁ దానును భార్య కల్యాణమ్మయుఁ దమ తొడల చర్మముతోఁ బాదరక్షలు కుట్టిరి. తోలు సున్నపునీట నానవైచి, వెండ్రుకలు గీచి, తంగేడుచెక్కతో లందలోఁ బదునుచేసి, ఆరెతోఁ బొడిచి కుట్టుట మనవా రెఱిఁగినదే. అంచున రంగుదారముతోఁ బూవులు దీర్చుటకుఁ జేతివాటము వేఱ వలయును. బసవేశ్వరుఁడు వానిని శిరమున నిడికొని మరల నిచ్చివేసెను.

బ్రాహ్మణమంత్రి మధువరసు వానిఁ దొడిగి, దేహమెల్ల మండఁగా, హరళయ్యగారి లందనీటఁ దడిసి స్వస్థుఁడయ్యెనందురు. లోకము చర్మదానమునే పొగడును. జనులు ముక్కు మూసికొను నా నీరే మందగుట మాకు మిన్నగాఁ దోఁచును.

పిమ్మట మధువరసు తన కూఁతును హరళయ్యగారి కుమారుఁడు శీలవంతున కిచ్చెను. వర్ణసంకరమని బిజ్జలమహారాజు తండ్రుల నిరువురఁ గన్నులు పెఱికించి చంపించెనని శరణుల చరిత్రలు చెప్పును. కన్నులు దీయించిన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమునను గలదు. 1167 ప్రాంతమున బిజ్జలుఁడును హతుఁడయ్యెను.