మతి చెదిరినవారి సేవలో లిండా రిచర్డ్స్

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాలలో ఒకరికి జ్వరం వస్తే సంఘస్థులు పరామర్శకు వెళతారు, ప్రార్థన చేస్తారు. మతి చెదిరితే మాత్రం చాలా ఇళ్ళలో తలుపులు మూసుకుంటారు. 1953లో జాల్నా నుండి మానసిక వైద్యశాల తరలివచ్చినందున ఎర్రగడ్డ పేరే మన నగరంలో హేళన మాట అయింది. అట్టి రోగులకు సేవచేయుట గౌరవమైన పని అని చూపిన ఒక స్త్రీ జీవితాన్ని ఈ శతవార్షిక సంచికలో సంఘస్థుల ముందుంచుతున్నాము.

లిండా రిచర్డ్స్ గారు 1841 జూలై 27న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. చిన్ననాడే తండ్రి పోయారు. క్షయతో మంచంపట్టిన తల్లికి బాలికగానే ఉపచారం చేశారు. ఆమెను వివాహమాడవలసిన యువకుడు అంతర్యుద్ధంలో గాయపడగా, 1869లో ఆయన కన్నుమూసేవరకు ఆమే కనిపెట్టుకొని ఉన్నారు. అటుపై బోస్టన్ చేరి, 1873లో శిక్షణ ముగించి, అమెరికాలో శిక్షణ పొందిన మొదటి నర్సుగా పేరుగాంచారు.

న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో రాత్రి వార్డులను చూసేటప్పుడు, ఒక్కొక్క రోగి పరిస్థితిని కాగితంపై వ్రాసిపెట్టే పద్ధతిని ప్రారంభించారు. అంతకుముందు అదంతా నోటిమాటగా సాగేది. 1877లో ఇంగ్లాండు వెళ్ళి ఫ్లారెన్స్ నైటింగేల్‌ను కలుసుకున్నారు. తరువాత మిషనరీగా జపాను వెళ్ళి, 1886లో క్యోటోలో నర్సుల శిక్షణ ఆరంభించి, 1890 వరకు అక్కడే పరిచర్య చేశారు.

ఇంత పేరు వచ్చాక ఆమె విశ్రాంతి కోరలేదు. 1899లో, యాభై ఏడేళ్ళు దాటిన వయస్సులో, మసాచుసెట్స్‌లోని టాంటన్ మానసిక వైద్యశాలలో అడుగుపెట్టారు. ఆ కాలంలో అట్టి ఆసుపత్రులలో ఎక్కువగా ఉండేది శిక్షణలేని కాపలావారే. రోగిని పట్టి ఉంచుటే వారి పని. శరీర రోగికి ఎంత శ్రద్ధ చూపుతామో మనోరోగికి అంతకు తక్కువ చూపరాదని ఆమె నమ్మకం. అందుకే కాపలావారి స్థానంలో నర్సులను తయారుచేయ పూనుకున్నారు. వూస్టర్, కలమజూ వైద్యశాలలలోను ఇదే పని సాగించి, 1911లో విరమించారు. 1930 ఏప్రిల్ 16న కన్నుమూశారు.

మనస్సుకు తగిలిన గాయం కంటికి కనబడదు. రోగి నిద్రపోయాడా, అన్నం తిన్నాడా, ఏమి మాట్లాడాడు అని ఓపికగా గమనించి వ్రాసే నర్సు మాటే వైద్యునికి ఆధారం. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించి, మానసిక ఆరోగ్య నర్సులకు చట్టంలో స్థానమిచ్చింది.

చట్టం గొలుసును తీయగలదు గాని, మూసిన తలుపును తెరువలేదు. అది ఇరుగుపొరుగువారి పని. జ్వరమొచ్చిన ఇంటికి వెళ్ళినట్లే ఆ ఇంటికీ వెళ్ళి, రోగిని పేరుపెట్టి పలుకరించి, రేయింబవళ్ళు కాచుకునే తల్లికో అక్కకో ఒక్కపూట విశ్రాంతి ఇవ్వగలిగితే, లిండా రిచర్డ్స్ గారి పరిచర్యలో మనకును పాలు ఉన్నట్లే అని తలంచుచున్నాము.