దారిన పోయేవారికి పుట్టిల్లు

ఆదివారం వచ్చిందంటే మూసారాంబాగ్‌లో ఎన్నో ఇళ్లలో పొద్దున్నే పొయ్యి వెలగదు. పదీ పదకొండు గంటల వేళ పిల్లాపాపలతో, అత్తమామలతో దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లి ఏ దోసెలో పూరీలో తిని వస్తారు. అటు టిఫినూ కాదు, ఇటు భోజనమూ కాదు. ఇల్లాలికి మాత్రం ఆ పూట పండగే. వేడివేడి ప్లేటు ముందుగా తన దగ్గరికే రావడం ఆమెకు వారంలో దొరికేది అప్పుడే మరి! అయితే ఒక ఇల్లాలు పొయ్యి ఆర్పిందంటే, ఆమె కోసం ఇంకెవరో పొయ్యి వెలిగించారన్నమాట. కోనసీమలో హోటళ్లు లేని రోజుల్లో దారిన పోయే సంసారాల కోసం అలా పొయ్యి వెలిగించిన తల్లి డొక్కా సీతమ్మగారు.

ఆమె 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టే ఆయన్ను ఊరివాళ్లు ముద్దుగా బువ్వన్నగారని పిలిచేవారట. చిన్నతనంలోనే తల్లి పోవడంతో ఇంటి భారం సీతమ్మగారి మీదే పడింది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న పంతులుగారు ఒకసారి దారిలో వాళ్లింట భోజనానికి ఆగారు. ఆ పిల్ల చేసిన మర్యాద ఆయనకు నచ్చింది. తర్వాత ఆమెనే పెళ్లాడారు.

గన్నవరం గోదావరి పాయల మధ్య ఊరు. ప్రయాణాలు ఎక్కువగా పడవల మీదే. వరదొస్తే అవీ ఆగిపోయేవి. పసిపిల్లలతో బయల్దేరిన ఆడవాళ్ల అవస్థ చెప్పనక్కర్లేదు. పూటకూళ్ల ఇళ్లుంటే డబ్బివ్వాలి. సీతమ్మగారింట డబ్బు అడగరు, కులం అడగరు, వేళ కూడా చూడరు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వండి వడ్డించేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ దానానికి ఇంట్లో ఉన్నదంతా కరిగిపోతున్నా దంపతులిద్దరూ వెనక్కి తగ్గలేదట.

మరి ఆమె ఎక్కడికైనా వెళ్లేవారా? ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారు. దారిలో బోయీలు అలసట తీర్చుకుంటుండగా ఓ పెళ్లివారి గుంపు అటుగా వచ్చింది. ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్లు ఊరుకోబెడుతున్నారు. కాసేపట్లో గన్నవరం వచ్చేస్తుందనీ, సీతమ్మగారింట కడుపునిండా తినవచ్చనీ ఆశపెడుతున్నారు. ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి. అంతే, పల్లకీ వెనక్కి తిప్పించారు. వాళ్లు వచ్చేసరికి వంట సిద్ధం చేశారు. దేవుణ్ని చూడాలన్న కోరిక ఆ పూటకు అలాగే ఉండిపోయింది.

ఆమె పేరు దొరల దాకా పాకింది. 1903లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వచ్చినా ఆమె వెళ్లలేదనీ, అధికారులు ఫొటో తీయించి పంపారనీ చెబుతారు. పేరు కోసం తాను అన్నం పెట్టడం లేదన్నది ఆమె పట్టు. 1909లో కన్నుమూశారు.

2000లో గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద ప్రారంభమైన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు. ఒకనాడు దారిన పోయేవారి ఆకలి తీర్చిన చోట వంతెన మీద ఆమె పేరు ఉండటం ఎంత సబబు!

అన్నపూర్ణ అని ఆమెకు దండం పెట్టడం తేలికే. కానీ సీతమ్మగారు ఎందరికి వడ్డించారో చెప్పుకున్నంతగా, ఆమె ఏ వేళకు తిన్నారో ఎవరూ చెప్పుకోరు. మనింట్లో అందరికీ వడ్డించి, చివర్న చల్లారిన అన్నంతో కూర్చునే అమ్మ సంగతీ అంతే కదా! ఆమెకూ మనతోపాటే ఒక కంచం పెడదాం. వడ్డన సంగతి ఒక పూట పిల్లలు చూసుకుంటారు, కావాలంటే శ్రీవారూ చూసుకుంటారు!