158 రాజ్యాంగాలు చదివిన పరాయివాడు

ప్రజాస్వామ్యానికి పేరుపడ్డ ఏథెన్స్‌లో 30 ఏళ్లకు పైగా ఉన్నా అరిస్టాటిల్‌కు ఓటు లేదు. స్థలం కొనుక్కునే హక్కూ లేదు. కారణం ఒక్కటే.. ఆయన ఆ ఊరివాడు కాదు! కానీ ప్రభుత్వాలను పక్కపక్కన పెట్టి పోల్చే చదువుకు, అంటే ఇప్పుడు యూనివర్సిటీల్లో చెప్పే తులనాత్మక రాజకీయాలకు పునాది వేసింది ఆయనే.

క్రీ.పూ. 384లో ఉత్తర గ్రీసులోని స్టాగిరా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 17 ఏళ్లకు ఏథెన్స్ వచ్చి ప్లేటో అకాడమీలో చేరాడు. 20 ఏళ్లు అక్కడే గడిచాయి. క్రీ.పూ. 347లో ప్లేటో చనిపోయాక అకాడమీ బాధ్యత గురువుగారి మేనల్లుడు స్ప్యూసిప్పస్‌కు దక్కింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే అరిస్టాటిల్ ఊరు వదిలాడు.

ఆ తర్వాతి కాలం వృథా పోలేదు. లెస్బోస్ దీవిలో చేపలను, సముద్ర జీవులను ఓపిగ్గా పరిశీలించాడు. మాసిడోనియాలో అలెగ్జాండర్‌కు పాఠాలు చెప్పాడు. క్రీ.పూ. 335లో ఏథెన్స్‌కు తిరిగొచ్చి లైసియం నడిపాడు.

ముందు సమాచారం.. తర్వాతే సిద్ధాంతం

జీవుల్ని వర్గీకరించిన పద్ధతినే రాజ్యాలకూ వాడాడు. ప్రాచీన జాబితాల ప్రకారం లైసియంలో 158 రాజ్యాంగాల వివరాలు పోగుచేశారు. పాలించేది ఒక్కరా, కొందరా, ఎక్కువమందా? పాలన అందరి మేలు కోసమా, సొంత లాభం కోసమా? ఈ రెండు ప్రశ్నలతో ప్రభుత్వాలను ఆరు రకాలుగా విడదీశాడు. స్పార్టా, క్రీట్‌లతో పాటు గ్రీకులది కాని కార్తేజ్‌నూ పోల్చాడు. మధ్యతరగతి బలంగా ఉన్నచోట తిరుగుబాట్లు తక్కువని తేల్చాడు. అయితే బానిసత్వాన్ని మాత్రం సమర్థించాడు. ఎంత చదివినా తన కాలాన్ని దాటలేకపోయిన చోటు అది.

అలెగ్జాండర్ మరణంతో ఏథెన్స్‌లో మాసిడోనియా వ్యతిరేకత రగిలింది. అరిస్టాటిల్ మళ్లీ ఊరు విడిచి, క్రీ.పూ. 322లో కాల్సిస్‌లో కన్నుమూశాడు. ఆ 158లో దాదాపు పూర్తిగా మనకు దక్కింది ఏథెన్స్ రాజ్యాంగం ఒక్కటే. అదీ ఈజిప్టులో దొరికిన పపైరస్ మీద, పొలం లెక్కల వెనకవైపు! 1891లో అచ్చయింది.

మీకేం పనికొస్తుంది?

సివిల్స్ పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ మొదటి పేపర్లో అరిస్టాటిల్, రెండో పేపర్లో తులనాత్మక రాజకీయాలు ఉంటాయి. యూజీసీ నెట్‌లోనూ ఈ విభాగం ఉంది. ఆరు రకాల పట్టికను బట్టీ పడితే మార్కులొస్తాయేమో కానీ, పరిశోధనకు అది చాలదు. రెండు రాష్ట్రాలనో, రెండు దేశాలనో తీసుకోండి. ఒకే ప్రశ్న రెండింటినీ అడగండి. జవాబులు ఎక్కడ వేరయ్యాయో, ఎందుకో రాయండి. పీహెచ్‌డీ ప్రపోజల్ అయినా మొదలయ్యేది అక్కడి నుంచే.