వేచియున్న భక్తుడు: లైమన్ జూయెట్టు దొరగారి జీవితసంగ్రహము

ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి భూములలో ప్రత్తి పండించు కర్షకునకు వాన యెప్పుడు కురియునో తెలియదు. అయినను అతడు చేను దున్నుట మానడు. విత్తనములు సిద్ధముగా నుంచుకొని యాకాశమువంక చూచుచుండును. ఈశ్వరుని కాలమునందు నమ్మకముంచుట యెట్టిదో మన సీమవారికి ఇంతకంటె వేఱు దృష్టాంత మక్కఱలేదు. అట్టి నమ్మకమును కష్టకాలమున నిలుపుకొన్న యొక క్రైస్తవభక్తుని చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాము. ఆయన పాటుపడినది నెల్లూరు, ఒంగోలు సీమలయందైనను, ఆయన మిషను పిమ్మట మన కర్నూలువఱకును వ్యాపించినది.

లైమన్ జూయెట్టు దొరగారు 1813వ సంవత్సరమున అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున జన్మించిరి. విద్య ముగించుకొని, భార్య యూఫీమియా దొరసానిగారితో 1849లో నెల్లూరు చేరిరి. అచ్చటి బాప్తిస్టు మిషనును శామ్యూలు డే దొరగారు 1840లో నెలకొల్పియుండిరి. సంవత్సరములు గడచుచున్నను విశ్వాసులు కొద్దిమందియే యైరి. ధనము వ్యయమగుచుండెను, ఫలము కానరాదయ్యెను. కావున ఈ మిషనును మూసివేయుట మేలని 1853లో అమెరికాలోని సభవారు చర్చించిరి. పటముపై నొంటిగా నున్న చుక్కవలె నుండుటచే దానికి ఒంటరినక్షత్రమను పేరును వచ్చెను. ఎట్టకేలకు మూయక విడిచిరి. ఆ సంవత్సరముననే ఆరోగ్యము చెడి డే దొరగారు స్వదేశమునకు వెడలిపోయిరి.

ఇట్టి సమయమున, 1854 జనవరి 1వ తేది సూర్యోదయమునకు పూర్వము, జూయెట్టు దంపతులును, క్రైస్తవ నరసును, జూలియా, రూతు అను స్త్రీలును ఒంగోలుచెంత నొక కొండ నెక్కిరి. ఆ యూరికి ఒక బోధకుని పంపుమని అయిదుగురును దేవుని వేడుకొనిరి. కొండ దిగినపిదప ఏ యద్భుతమును జరుగలేదు. మఱునాడును మునుపటివలెనే వీథులలో బోధయు, తెలుగు పుస్తకములతో పరిశ్రమయు సాగినవి. ఆ ప్రార్థనకు ప్రత్యుత్తరము వచ్చుటకు పదునొకండేండ్లు పట్టెను.

1862లో దేహము శిథిలమై దొరగారు స్వదేశమునకు పోగా, మిషనును మూయు ప్రస్తావము మరల వచ్చెను. ఎవరు సాయము చేసినను చేయకున్నను తాను తెలుగువారియొద్దకే పోయి, అవసరమైనచో అచ్చటనే మరణింతునని ఆయన నిశ్చయముగా తెలిపిరి. సభవారు తమ యాలోచన మానుకొనిరి. 1865లో ఆయన జాన్ క్లౌ అను యువకుని వెంటబెట్టుకొని వచ్చిరి. క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరిరి. కొండపై ప్రార్థన జరిగిన దినమునకు సరిగా పదుమూడేండ్లకు, 1867 జనవరి 1వ తేదిని, ఎనమండ్రుగురితో అచ్చట సంఘ మేర్పడెను.

అప్పటికే మాదిగకులజుడైన యెఱ్ఱగుంట్ల పేరయ్య విశ్వాసియై తనవారికి బోధింపసాగెను. మాదిగలను చేర్చుకొనినచో మేము రామని పైకులములవారు చెప్పిరి. క్లౌ దంపతులు పేదలకు తలుపు మూయలేదు.

అంతట 1876 మొదలు ధాత సంవత్సరపు కరువు దాపరించెను. అప్పుడు బళ్లారి మండలములో నుండిన ఆదవాని సీమయు, కర్నూలు, నెల్లూరు మండలములును దానిచే ఘోరముగా పీడింపబడెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకపుపని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. కాని, కూటికొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై, సాయము జరుగుచున్నంతకాలము ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. సాయము ముగిసినపిదపను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేది నొక్కదినమున గుండ్లకమ్మ తీరమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మూసివేయదలచిన మిషను వృత్తాంత మిది.

చదువరులారా! సంఖ్యలను చూచి మీరు మోసపోవలదు. కరువున మడిసిన లక్షలాది ప్రాణులను తలంచినచో, దేవుడు కార్యసిద్ధికై కరువును పంపెనని చెప్పుటకు ఎవరి నోరాడును? ఈ చరిత్రమునందు గ్రహింపదగినది వేఱు. కార్యము నిష్ఫలమని పెద్దలు తలంచినపుడు జూయెట్టు దొరగారు దానిని విడువలేదు. ఆకలి జనులను వాకిటికి తెచ్చినపుడు క్లౌ దొరగారు తొందరపడి ఫలమును కోయలేదు. ఈ రెండును ఒక్క నమ్మకమునకే రెండు ముఖములు. ఆలస్యమునకు జంకనివాడే అవకాశమునకు లొంగక నిలువగలడు.

జూయెట్టు దొరగారు కొత్త నిబంధనను తెలుగుచేయుటయందు శ్రమించి, 1878లో మదరాసున క్రొత్త కేంద్రమును ప్రారంభించి, 1897లో అమెరికాయందు పరమపదించిరి. ఆయన యెక్కిన కొండను ఒంగోలువారు నేటికిని ప్రార్థనకొండ యని పిలుచుచున్నారు. కష్టములో నున్నవా రెవరైనను ఆ కొండను తలంచినపుడు, కొండ దిగి మరల పనికి పోయిన ఆ యైదుగురినిగూడ తలంతురుగాక.